కరెంటును శుద్ధి చేసే ముందు ఆ మోత ఎక్కడిదో తేల్చండి

ప్రశ్న: నా దగ్గర ఒక స్టీరియో యాంప్లిఫైయర్, రెండు స్పీకర్లు, ఒక టర్న్‌టేబుల్, ల్యాప్‌టాప్‌కు తగిలించిన డాక్ (డిజిటల్ పాటను స్పీకర్లకు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టె) ఉన్నాయి. టీవీ సౌండ్ కూడా ఇదే యాంప్లిఫైయర్‌లోంచి వింటాం. పాట ఆగినప్పుడు స్పీకర్లలోంచి సన్నగా గుమ్మని ఒక మోత వస్తుంటుంది. టర్న్‌టేబుల్ పెడితే అది ఇంకా పెరుగుతుంది. ల్యాప్‌టాప్ నుంచి వింటే కీచుకీచుమని చిన్న చప్పుళ్లు. కొన్ని ఉదయాలు యాంప్లిఫైయర్ పెట్టెలోంచే గుర్రుమని చప్పుడు వస్తుంది. అర్ధరాత్రి దాటాక మాత్రం అదే పాట ఎంతో శుభ్రంగా వినిపిస్తుంది. కరెంటు బాగా లేదు, పవర్ కండిషనర్ (కరెంటును శుద్ధి చేసే పెట్టె) కొనమని అమ్మేవాళ్లు అంటున్నారు. ఒక మిత్రుడు ఆడియోకు విడిగా ఎర్త్ రాడ్ దింపించమంటాడు. ఇంకొకతను లావు పవర్ కేబుల్ మారిస్తే చాలంటాడు. టెన్షన్‌గా ఉంది. వీటిలో ముందు ఏది చేయాలి?

సమాధానం: ముందు ఏదీ కొనకండి. ఒక్క వారం ఆగండి. మీ ఉత్తరంలో ఉన్నది ఒక జబ్బు కాదు, కనీసం నాలుగు. నాలుగింటికీ కారణాలు వేరు, మందులు వేరు. అందులో గోడ సాకెట్‌లోంచి నేరుగా వచ్చేది బహుశా ఒక్కటే. మీకు సలహా ఇచ్చిన ముగ్గురూ నాలుగింటినీ కలిపి "కరెంటు బాగా లేదు" అనే ఒకే మూటలో కట్టేశారు.

గోడలోంచి వచ్చే కరెంటు మీ స్పీకర్ దాకా ఎలా వెళ్తుందో కొంచెం చూద్దాం. యాంప్లిఫైయర్‌లో మొదట ట్రాన్స్‌ఫార్మర్ ఆ 230 వోల్టుల్ని (కొన్ని దేశాల్లో 120) తగ్గిస్తుంది. తర్వాత డయోడ్ల బ్రిడ్జి దాన్ని ఒకే దిశకు తిప్పుతుంది. ఆ వెనక డబ్బాల్లా కనిపించే పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. వీటిని మేడ మీది నీళ్ల ట్యాంకు అనుకోండి. మోటారు ఆగి ఆగి నీళ్లు తోడినా కింద కుళాయిలో ధార ఒకేలా వస్తుంది కదా, అలాగన్నమాట. 50 హెర్ట్జ్ కరెంటు అయితే ఈ ట్యాంకు సెకనుకు 100 సార్లు నిండుతుంది, 60 అయితే 120 సార్లు. సున్నితమైన భాగాలకు వెళ్లే దారిలో రెగ్యులేటర్లు ఇంకోసారి వడపోస్తాయి. ఇన్ని దాటి ఏదైనా మిగిలితే దాన్ని యాంప్లిఫైయర్ సర్క్యూటే చాలావరకు పట్టించుకోదు. సిగ్నల్‌ను పెంచే మామూలు ఆప్ ఆంప్ చిప్ కూడా తన సప్లైలో వచ్చే నెమ్మది అలల్ని పదివేల వంతుకో, ఇంకా తక్కువకో కుదించేస్తుంది.

అంటే మీరు పవర్ కండిషనర్ అని కొనబోయే పనిలో ఎక్కువ భాగం మీ యాంప్లిఫైయర్ లోపల ఇప్పటికే జరుగుతోంది. తయారుచేసినవాళ్లు ఎక్కడో ఆదర్శమైన కరెంటు ఉంటుందని నమ్మి ఆ యాంప్లిఫైయర్‌ను రూపొందించలేదు. ఇళ్లలో కరెంటు ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు.

మరి మోత ఎలా వస్తోంది? దొడ్డిదారిన. ఎదురు గుమ్మానికి ఇంత కాపలా ఉంది కాబట్టి, అల్లరి చేసేవన్నీ వెనక నుంచి వస్తాయి. ఆ దారులు ముఖ్యంగా రెండు. ఒకటి ఎర్త్ తీగ, దానితో ముడిపడిన సిగ్నల్ కేబుళ్ల షీల్డ్ (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక). రెండోది రేడియో పౌనఃపున్యాల రొద. ఇది ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల మధ్య ఉండే కెపాసిటెన్స్‌లోంచి జారి వస్తుంది, కేబుళ్లను ఏంటెనాలుగా చేసుకుని కూడా వస్తుంది. పౌనఃపున్యం పెరిగే కొద్దీ నేను పైన పొగిడిన వడపోత బలహీనమైపోతుంది. మీ సమస్యలు ఎక్కువగా మొదటి దారివి.

ఇక పరీక్షలు. యాంప్లిఫైయర్ ఆపి, వెనక స్పీకర్ తీగలు తప్ప మిగతావన్నీ తీసేయండి. కేబుళ్లు పీకేటప్పుడు, పెట్టేటప్పుడు ప్రతిసారీ ఆపాలి, లేకపోతే స్పీకర్లు ఎగిరిపడేంత చప్పుడు వస్తుంది. ఇప్పుడు ఆన్ చేసి స్పీకర్ దగ్గర చెవి పెట్టండి. మోత ఉందంటే తప్పు యాంప్లిఫైయర్ లోపలే ఉంది. పాత యంత్రమైతే ఎండిపోయిన కెపాసిటర్ల మీద అనుమానం పెట్టుకోవచ్చు. దాన్ని రిపేరు చేసేవాళ్లకు చూపించాలి, మూత మీరు తీయకండి. ప్లగ్ పీకేశాక కూడా ఆ కెపాసిటర్లలో ఛార్జి నిలిచి ఉంటుంది. మోత లేదంటే (లేదనే నా అంచనా) ఒక్కొక్క కేబులూ తిరిగి పెడుతూ రండి. ఏది పెట్టగానే మొదలైందో అదే మీ దొంగ.

ఈలోగా శబ్దం జాతి కూడా గమనించండి. గుమ్మని నున్నగా, లోతుగా ఉంటే అది 50 లేదా 60 హెర్ట్జ్, సాధారణంగా ఎర్త్ లూప్ పని. తేనెటీగల్లా జుమ్మని గరుకుగా ఉంటే దానిలో పై హార్మోనిక్స్ (ఆ 50 లేదా 60కి రెట్లుగా ఉండే పౌనఃపున్యాలు) ఉన్నాయి. రెక్టిఫైయర్ (పైన చెప్పిన డయోడ్ల బ్రిడ్జి), లైటు డిమ్మర్, చవకరకం ఛార్జర్ వైపు చూడాలి. మీరు "గుమ్మని" అని రాశారు కాబట్టి ఎర్త్ లూప్ మీదే నా పందెం.

ఎర్త్ లూప్ అంటే ఇదీ. మీ యాంప్లిఫైయర్‌కు మూడు పిన్నుల ప్లగ్ ఉందనుకుందాం, అప్పుడు దాని లోహపు పెట్టె ఎర్త్‌కు కలిసి ఉంటుంది. టీవీకీ ఏదో ఒక దారిన ఎర్త్ ఉంది. ఈ రెంటినీ సిగ్నల్ కేబుల్ షీల్డ్ మళ్లీ కలిపింది. అంటే గోడలోని ఎర్త్ తీగ ఒక దారి, మీ ఆడియో కేబుల్ ఇంకో దారి. రెండూ కలిసి ఒక పెద్ద చుట్టు అయ్యాయి. చుట్టుపక్కల కరెంటు తీగల అయస్కాంత క్షేత్రం ఆ చుట్టులో కొంచెం కరెంటు పారిస్తుంది. ఇంట్లోని యంత్రాల నుంచి ఎర్త్‌లోకి కారే కరెంటు కూడా అందులో పాలు పంచుకుంటుంది. షీల్డ్ నిరోధం 0.05 ఓమ్, అందులో పారేది 20 మిల్లీ ఆంపియర్లు అనుకోండి. షీల్డ్ రెండు చివరల మధ్య 1 మిల్లీవోల్టు తేడా పుడుతుంది. యాంప్లిఫైయర్‌కు అది పాటలో భాగంలాగే కనిపిస్తుంది, ఎందుకంటే ఆర్సీఏ కేబుల్‌లో (ఇళ్లలో వాడే మామూలు ఆడియో కేబుల్) షీల్డే సిగ్నల్‌కు తిరుగుదారి. 2 వోల్టుల పాటతో పోలిస్తే 1 మిల్లీవోల్టు 66 డెసిబెల్స్ కింద ఉంటుంది. పాట నడుస్తున్నంతసేపు వినపడదు, ఆగగానే గుమ్మంటుంది. మీరు రాసింది సరిగ్గా ఇదే.

ఈ మోతకు ఎంత గొప్ప పవర్ కండిషనర్ పెట్టినా పెద్దగా ఉపయోగం ఉండదని ఇప్పుడు మీకే అర్థమై ఉండాలి. మోత పవర్ తీగలోంచి రావడం లేదు, సిగ్నల్ తీగలో పుడుతోంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం నేనూ ఇలాంటి మోతతో రెండు వారాలు నిద్ర పాడుచేసుకున్నాను. బరువైన ఫిల్టర్ పెట్టె ఒకటి తెచ్చాను. అది పెట్టిన రోజు మోత తగ్గినట్టే అనిపించింది. మర్నాడు అంతే ఉంది, నా చెవులే ముందు రోజు డబ్బు వృథా కాలేదని నమ్మాలనుకున్నాయి. చివరికి ఇల్లు ఊడుస్తుంటే టీవీ వెనక కేబుల్ కనెక్షన్ తీగ ఊడి వచ్చింది, దాంతోపాటే మోతా పోయింది. బయటి నుంచి వచ్చే ఆ కోయాక్సియల్ తీగ షీల్డ్ ఎక్కడో దూరంగా ఎర్త్ అయి ఉంది. మా ఇంటి ఎర్త్‌కూ దానికీ మధ్య ఉన్న తేడా అంతా నా ఆడియో కేబుల్‌లోంచి పారుతోంది. కాబట్టి మీరు మొదట పీకి చూడాల్సింది టీవీకి వచ్చే ఏంటెనా లేదా కేబుల్ తీగ. అది తీయగానే మోత ఆగితే ఆ తీగ మధ్యలో పెట్టే, సిగ్నల్‌ను పోనిచ్చి లోహపు కలయికను తెంపే గాల్వానిక్ ఐసోలేటర్ అనే చిన్న ముక్క దొరుకుతుంది, అది చాలు. ఇంకా తేలికైన మార్గం, టీవీ సౌండ్‌ను ఆప్టికల్ కేబుల్‌తో తీసుకోవడం. మీ డాక్‌కు ఆ ఇన్‌పుట్ ఉందో లేదో చూడండి. అందులో వెళ్లేది వెలుగు కాబట్టి లూప్ అక్కడితో తెగిపోతుంది.

టీవీ కాదని తేలితే అన్ని పెట్టెల ప్లగ్గుల్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తెచ్చి చూడండి. గదికి ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి ఉంటే లూప్ పెద్దదవుతుంది. ఆడియో కేబుళ్లు అవసరమైనంత పొడవే ఉంచండి. పవర్ తీగలతో కలిపి కట్టకుండా, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. ఇంతచేసినా పోకపోతే సిగ్నల్ దారిలో ఒకటికి ఒకటి (సిగ్నల్‌ను పెంచని, తగ్గించని) ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు. మంచిది పెట్టాలి, నాసిరకమైతే మోతతో పాటు బేస్ కూడా పోతుంది. రెండు వైపులా బ్యాలెన్స్‌డ్ ఎక్స్‌ఎల్ఆర్ సాకెట్లు (షీల్డ్‌ను తిరుగుదారిగా వాడని మూడు పిన్నుల రకం) ఉన్న పరికరాలైతే ఆ కేబుళ్లు వాడితే ఈ గొడవ చాలావరకు తీరుతుంది.

ఒక్క పని మాత్రం చేయొద్దు. ఎర్త్ పిన్ను విరగ్గొట్టి వాడితే మోత నిజంగానే పోతుంది, అందుకే చాలామంది ఆ సలహా ఇస్తారు. రేపు లోపల ఒక తీగ ఊడి పెట్టెకు తగిలితే ఆ పెట్టెను, దానికి తగిలించిన టర్న్‌టేబుల్ చేతిని ముట్టుకునేది మీరో, మీ పిల్లలో.

టర్న్‌టేబుల్ సంగతి వేరే. సూదిని పట్టుకుని ఉండే ముక్కను కార్ట్రిడ్జ్ అంటారు. మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్రిడ్జ్ ఇచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు. మూవింగ్ కాయిల్ అయితే చాలావాటిలో అర మిల్లీవోల్టు కూడా ఉండదు. టర్న్‌టేబుల్ సిగ్నల్‌ను పెంచే ఫోనో స్టేజ్ దాన్ని మొదటి రకానికి సుమారు 100 రెట్లు, రెండో రకానికి 1000 రెట్లు పెంచుతుంది. పైగా రికార్డుల పద్ధతి ప్రకారం కింది స్వరాల్ని ఇంకా ఎక్కువ పెంచుతుంది. మోత ఉండేదీ అక్కడే. కాబట్టి మిగతావాటిలో వినపడని చిన్న లోపం టర్న్‌టేబుల్‌లో మోగిపోతుంది. వెనక సన్నని తీగ ఒకటి విడిగా ఉంటుంది, చివర గుర్రపునాడాలాంటి ముక్కతో. అది యాంప్లిఫైయర్ వెనక గ్రౌండ్ అని రాసి ఉన్న మరకు బిగించి ఉందో లేదో చూడండి. చాలాసార్లు ఇదే. బిగించే ఉంటే టర్న్‌టేబుల్‌ను చేత్తో పట్టుకుని యాంప్లిఫైయర్‌కు దూరంగా జరుపుతూ వినండి, సూది రికార్డు మీద ఉండకూడదు. జరిపే కొద్దీ మోత మారితే కార్ట్రిడ్జ్ యాంప్లిఫైయర్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుంటోందన్నమాట. మందు దూరమే. ఒకదానిమీద ఒకటి పేర్చితే చూడ్డానికి బాగుంటుంది గాని టర్న్‌టేబుల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ నెత్తిన కూర్చోబెట్టకూడదు.

ల్యాప్‌టాప్ కీచుమోతకు ఒక నిమిషం పరీక్ష ఉంది. ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి. చప్పుడు ఆగిపోయిందా? అయితే దోషం ఛార్జర్‌ది. అది సెకనుకు వేలసార్లు, లక్షలసార్లు కరెంటును తెంపి కలుపుతుంది. రెండు పిన్నుల ఛార్జర్లలో లోపలి వై కెపాసిటర్ (రేడియో రొదను తగ్గించడానికి పెట్టే చిన్న కెపాసిటర్) వల్ల ఎర్త్‌తో పోలిస్తే అవుట్‌పుట్ గాల్లో తేలుతూ మెయిన్స్‌లో దాదాపు సగం వోల్టేజీ దగ్గర ఉంటుంది. కరెంటు అతి స్వల్పం కాబట్టి ప్రమాదం లేదు. లోహపు ల్యాప్‌టాప్ మీద చెయ్యి రాస్తే జివ్వుమనేది అందుకే. ఆ స్వల్పమే యూఎస్‌బీ తీగలోంచి డాక్‌కు, అక్కడి నుంచి యాంప్లిఫైయర్ ఎర్త్‌కు దారి వెతుక్కుంటుంది. మౌస్ కదిపినప్పుడు చప్పుడు మారుతుంటే ల్యాప్‌టాప్ లోపలి రొద కూడా అదే దారిలో వస్తోంది. పాటలు వినేటప్పుడు బ్యాటరీ మీద నడపడం ఖర్చులేని మందు. కుదరకపోతే యూఎస్‌బీ ఐసోలేటర్ పెట్టండి, ల్యాప్‌టాప్‌కు ఆప్టికల్ అవుట్‌పుట్ ఉంటే అది వాడండి.

ఇక యాంప్లిఫైయర్ పెట్టె గుర్రుమనడం. ఇది ఒక్కటే నిజంగా మెయిన్స్ కరెంటు లోపం. శబ్దం స్పీకర్లలోంచి కాక పెట్టెలోంచి వస్తోందంటే ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము వణుకుతోంది. చేతి గాజులా గుండ్రంగా ఉండే టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్లకు ఈ బలహీనత ఎక్కువ. వాటి ఇనుప వలయంలో ఎక్కడా ఖాళీ లేదు కాబట్టి ఏసీలో ఏ కొన్ని వందల మిల్లీవోల్టుల డీసీ కలిసినా ఆ ఇనుము అయస్కాంతత్వంతో ఒక పక్క నిండిపోయి గుర్రుమంటాయి. డీసీ ఎక్కడిది అంటారా? హెయిర్ డ్రయ్యర్‌ను సగం వేడిలో పెట్టినప్పుడు కొన్ని రకాలు లోపల ఒక డయోడ్‌తో సగం తరంగాన్నే వాడుకుంటాయి. రెండో సగం మిగిలిపోయి వోల్టేజీ ఒక పక్కకు ఒరుగుతుంది. మీకు ఉదయాలే వస్తోందని రాశారు, అందరూ తయారయ్యే వేళ. ఇంట్లో డ్రయ్యర్ ఉంటే సగం వేడిలో పెట్టి చూడండి. అదే అయితే యాంప్లిఫైయర్ ముందు డీసీ బ్లాకర్ అనే చిన్న పెట్టె చాలు. లోపల ఉండేవి కొన్ని కెపాసిటర్లు, డయోడ్లే, కాని మెయిన్స్‌తో ఆట కాబట్టి ఇంట్లో తయారుచేయకండి. కుర్చీలో కూర్చుంటే ఆ గుర్రు వినపడకపోతే అసలు వదిలేయొచ్చు. యాంప్లిఫైయర్‌కు దానివల్ల సాధారణంగా జరిగే నష్టం ఏమీ లేదు.

అర్ధరాత్రి పాట గురించి చెబితే మీరు నొచ్చుకోవచ్చు. సాయంత్రం వేళ కరెంటు తరంగం కొంచెం చెడుతుందన్నది నిజమే. టీవీలు, కంప్యూటర్లు, ఎల్ఈడీ దీపాలు అన్నీ తరంగం శిఖరం దగ్గరే కరెంటు గుంజుకుంటాయి. దాంతో ఆ శిఖరం అరిగిపోయి చదునవుతుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 50160 వోల్టేజీలో మొత్తం హార్మోనిక్స్‌ను 8 శాతం దాకా అనుమతిస్తుంది. వోల్టేజీ కూడా కొంత పడుతుంది. సరే, 10 శాతం పడిందనుకుందాం. రెగ్యులేషన్ లేని పవర్ యాంప్లిఫైయర్ గరిష్ఠ శక్తి 19 శాతం తగ్గుతుంది. వినడానికి అది పెద్ద అంకెలాగే ఉంటుంది. డెసిబెల్స్‌లో చూస్తే 0.9 మాత్రమే, అదీ మీరు వాల్యూమ్ చివరిదాకా తిప్పినప్పుడు. మామూలుగా వినేటప్పుడు స్పీకర్లకు సగటున వెళ్లేది ఒక వాటు అటూ ఇటూ. రాత్రి వీధి సద్దుమణుగుతుంది, ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, మనుషులు నెమ్మదిస్తారు. గదిలో రొద తగ్గగానే పాటలో అంతవరకు మునిగి ఉన్న సన్నని స్వరాలు పైకి తేలతాయి. నా ఉద్దేశంలో మీరు వింటున్న తేడాలో ఎక్కువ భాగం ఇదే. నమ్మకం కలగకపోతే సెలవు రోజు తలుపులూ కిటికీలూ మూసి, పగలు అదే పాట అదే వాల్యూమ్‌లో విని చూడండి.

ఎర్త్ రాడ్ సలహా ఇచ్చిన మిత్రుణ్ని మర్యాదగా పక్కన పెట్టండి. ఆడియోకు విడిగా రాడ్ దింపి దాన్ని ఇంటి ఎర్త్‌తో కలపకుండా వాడటం మీరు రాసిన వాటన్నిటిలోకీ ప్రమాదకరమైన పని. రాడ్‌కూ నేలకూ మధ్య నిరోధం 20 ఓమ్‌లు ఉందనుకోండి. యాంప్లిఫైయర్‌లో ఫేజ్ తీగ పెట్టెకు తగిలితే 230ని 20తో భాగించండి, 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ (కరెంటు ఎక్కువైతే తెగే స్విచ్) అది చూసి కదలదు. పెట్టె మీద దాదాపు పూర్తి వోల్టేజీ అలాగే నిలిచి ఉంటుంది. ఆర్‌సీసీబీ (ఎర్త్‌లోకి కరెంటు కారితే తెంపేసే స్విచ్) ఉంటే కాపాడుతుంది, కాని దాని ఒక్కదాని మీద ప్రాణం పెట్టుకోవడం ఎందుకు? ఇంకో సంగతి, దగ్గర్లో పిడుగు పడితే రెండు ఎర్త్‌ల మధ్య నేలలోనే వేల వోల్టుల తేడా వస్తుంది. ఆ రెంటినీ కలిపే తీగ మీ ఆడియో కేబుల్. ఎర్త్ అనేది రొదను పారబోసే కాలువ అన్న అపోహ ఆడియో లోకంలో బాగా పాతుకుపోయింది. ఎర్త్ ఉన్నది మనిషిని కాపాడ్డానికి. బ్యాటరీతో నడిచే ప్లేయర్ ఏ ఎర్త్ లేకుండానే చక్కగా పాడుతుంది కదా.

లావు పవర్ కేబుల్‌కు ఒక చిన్న లెక్క చాలు. మెయిన్ బోర్డు నుంచి మీ సాకెట్‌కు 20 మీటర్లు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అనుకుందాం. రానూ పోనూ నిరోధం సుమారు 0.28 ఓమ్. 5 ఆంపియర్లు లాగితే పడేది 1.4 వోల్టులు. ఆ చివర మీరు మార్చబోయే రెండు మీటర్ల మామూలు కేబుల్ 1.5 చదరపు మిల్లీమీటర్లదైనా దాని వాటా 0.05 ఓమ్ కూడా ఉండదు. పావు వోల్టు. గోడ వెనక అంత తీగను వదిలేసి చివరి రెండు మీటర్లకు పట్టు తొడుగు వేయడం దేనికి? యాంప్లిఫైయర్‌తో వచ్చిన కేబుల్ సాకెట్‌లో వదులుగా కదలకుండా ఉంటే అంతే చాలు.

పవర్ కండిషనర్ అనే పేరుతో అమ్మేవి నిజానికి రకరకాల పెట్టెలు. పేరు చూసి కాక లోపల ఏముందో అడిగి తెలుసుకోవాలి. కొన్నింటిలో ఉండేది కాయిల్, కెపాసిటర్ల ఫిల్టర్ మాత్రమే. అది రేడియో రొదను ఆపుతుంది, 50 హెర్ట్జ్ మోతను ఆపదు. దానిలోని వై కెపాసిటర్లు ఆ రొదను ఎర్త్ తీగలోకి తోస్తాయి కాబట్టి మీలాంటి ఎర్త్ లూప్ ఉన్నచోట మోత ఒక్కోసారి పెరుగుతుంది కూడా. ఇంటికి ఎర్త్ సరిగ్గా లేకపోతే అదే ఫిల్టర్ పెట్టె లోహానికి జివ్వుమనే వోల్టేజీ ఎక్కిస్తుంది. స్టెబిలైజర్ చేసేది ఇంకో పని, వోల్టేజీని ఒక హద్దులో ఉంచడం. మీ వోల్టేజీ నిజంగా హద్దులు దాటుతోందని మల్టీమీటర్‌తో కొన్ని రోజులు చూసుకున్నాకే దాని గురించి ఆలోచించండి. పవర్ రీజనరేటర్ ఉంది, అది ఏసీని డీసీ చేసి మళ్లీ కొత్తగా ఏసీ పుట్టిస్తుంది. సాంకేతికంగా ఇదొక్కటే చదునైన శిఖరాన్ని సరిచేయగలది, నేను తప్పుపట్టను. కాకపోతే అది తానే ఒక పెద్ద యాంప్లిఫైయర్, వేడెక్కుతుంది, కొన్నింటిలో ఫ్యాన్ మోగుతుంది. మోత పోగొట్టడానికి మోగే ఫ్యాన్ తెచ్చుకోవడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది. ఏ పెట్టె పెట్టినా పవర్ యాంప్లిఫైయర్‌కు సరిపడా సామర్థ్యం ఉండాలి. అది తరంగం శిఖరం దగ్గర సగటుకు ఎన్నో రెట్ల కరెంటు ఒక్కసారిగా గుంజుతుంది. చిన్న పెట్టె అక్కడ ఉక్కిరిబిక్కిరి అయితే ఉన్న సౌండ్ కూడా నలుగుతుంది.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద వింటారేమో మీరు రాయలేదు. వింటే అది ప్యూర్ సైన్‌వేవ్ రకమేనా అని చూడండి. మెట్లుమెట్లుగా తరంగం ఇచ్చే రకాల మీద ట్రాన్స్‌ఫార్మర్లు జుమ్మంటాయి, అక్కడ ఏ కేబుల్ మార్చినా లాభం ఉండదు.

నా మటుకు నేను డబ్బు పెట్టేది రెండు చోట్ల. మొదటిది మంచి ఎలక్ట్రీషియన్. మెయిన్ బోర్డులో, సాకెట్లలో మరలు బిగించి, న్యూట్రల్, ఎర్త్ కనెక్షన్లు మీటరు పెట్టి చూడమనండి. వదులు మర దగ్గర నిప్పురవ్వలు పుడితే అది చిన్న రేడియో స్టేషన్‌లా రొద చేస్తుంది. సాకెట్ వేడెక్కడం, చిటపటమనడం దాని గుర్తులు. ఇంట్లో ఏదో బరువైన యంత్రం వేయగానే కొన్ని దీపాలు తగ్గడానికి బదులు పెరుగుతున్నాయంటే ఆ క్షణమే మెయిన్ ఆపి పిలవండి, అది న్యూట్రల్ ఊడుతున్న సూచన. మూడు ఫేజ్‌ల సప్లైలో న్యూట్రల్ తెగితే 230 రావాల్సిన చోటికి 400 వోల్టుల వైపు ఎక్కుతుంది. ఎంత ఖరీదైన హైఫై అయినా తట్టుకోదు. వైరింగ్ ఎలాగూ మార్పిస్తుంటే ఆడియోకు బోర్డు నుంచి విడిగా ఒక లైను లాగించుకోండి, అన్ని ఆడియో సాకెట్లూ ఆ ఒక్క లైను మీదే, ఎర్త్ మాత్రం ఇంటి ఎర్తే. ఆ ఒక్కదాని కోసం గోడలు పగలగొట్టించమని చెప్పను.

రెండోది సర్జ్ ప్రొటెక్టర్, అంటే ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీ దెబ్బను అడ్డుకునేది. మెయిన్ బోర్డులో టైప్ 2 రకం ఒకటి, ఆడియో దగ్గర ఇంకొకటి. లోపల ఉండే ఎమ్‌ఓవీ అనే బిళ్ల ప్రతి దెబ్బకూ కొంచెం అరుగుతుంది. కాబట్టి దాని దీపం ఆరిపోతే పెట్టె పనిచేస్తున్నట్టే కనిపించినా మార్చేయాలి. ఇది సౌండ్‌ను బాగు చేయదు, సెట్‌ను బతికిస్తుంది. ఉరుములు మొదలైతే మాత్రం దాన్నీ నమ్మకండి. ప్లగ్గులు పీకండి, టీవీ ఏంటెనా తీగ, ఇంటర్నెట్ తీగతో సహా.

రేడియో రొద మిగిలిందనిపిస్తే వేటాడటానికి ఒక పాత ఉపాయం ఉంది. బ్యాటరీతో నడిచే రేడియోను మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని చోట పెట్టి, చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరగండి. ఛార్జర్లు, ఎల్ఈడీ దీపాలు, డిమ్మర్ల దగ్గరికి వెళ్లేసరికి గోల చేస్తుంది. బాగా గోల చేసే ఛార్జర్‌ను ఆడియో బోర్డు మీద నుంచి తీసేస్తే చాలు, కొన్నిసార్లు దాన్ని మార్చేయడమే కండిషనర్ కొనడం కంటే మేలు.

మీరు చేయాల్సిన వరుస టీవీ తీగ, టర్న్‌టేబుల్ గ్రౌండ్ తీగ, ల్యాప్‌టాప్ బ్యాటరీ, హెయిర్ డ్రయ్యర్. ఒక ఆదివారం పొద్దున అంత సమయం కూడా పట్టదు. ఒకసారికి ఒక్కటే మార్చి, ఏం వినిపించిందో కాగితం మీద రాసుకోండి. ఇవన్నీ అయ్యాక కూడా మోత మిగిలితే ఆ కాగితంలో ఉన్నది నాకు రాసి పంపండి. టీవీ ప్లగ్‌కు, ల్యాప్‌టాప్ ఛార్జర్‌కు పిన్నులు రెండా, మూడా అన్నది కూడా రాయడం మరచిపోకండి.